మీ ప్రశ్నలు – మా జవాబులు: ఆశ్రమాలకు సర్కారు గ్రాంటు

వృద్ధులకు, దివ్యాంగులకు, దిక్కులేని పిల్లలకు వసతి ఇచ్చి చూసుకునే స్వచ్ఛంద సంస్థల గురించి గత సంచికలో ఒక లేఖకు క్లుప్తంగా బదులిచ్చాం. ఆ తర్వాత ఓరుగల్లు చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇదే విషయం మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్ని ఆశ్రమాలు నడుపుతున్నవారివి, కొన్ని వాటిలో పనిచేస్తున్నవారివి, మరికొన్ని తమ వాళ్లను అక్కడ చేర్చాలా వద్దా అని మథనపడుతున్న కుటుంబాలవి. ఈ నెల శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు. సంస్థల పేర్లను మేమే తీసివేశాం.

ప్రశ్న: మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం మేము వసతితో కూడిన ప్రత్యేక పాఠశాల నడుపుతున్నాం. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు మంజూరవుతోంది గానీ, ఒక సంవత్సరం డబ్బు మరుసటి సంవత్సరం సగం గడిచాక గాని చేతికి రావడం లేదు. కిరాణా కొట్టులో బాకీ, బియ్యం బాకీ, ఆయమ్మల జీతాల బాకీ పేరుకుపోయాయి. ఇందులో మా లోపం ఉందా?
– ఒక సంస్థ కార్యదర్శి, పరకాల

జవాబు: మీరు పంపిన కాగితాలను బట్టి మీకు వస్తున్నది దీనదయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం కింద ఇచ్చే గ్రాంటు. దివ్యాంగుల రంగంలో స్వచ్ఛంద కృషిని ప్రోత్సహించే పథకంగా 1999లో మొదలై, 2003లో ఈ పేరు పెట్టుకున్న ఈ కార్యక్రమం 2018 ఏప్రిల్ నుంచి సవరించిన నిబంధనలతో నడుస్తోంది. ప్రాజెక్టు వ్యయంలో 90 శాతం వరకు కేంద్రం ఇస్తుంది, మిగిలింది సంస్థ తెచ్చుకోవాలి. అయితే ఆ 90 శాతాన్ని లెక్కగట్టేది మీకు నిజంగా అయిన ఖర్చు మీద కాదు. ఒక్కో పద్దుకు ఎంత అని పథకం ముందే రాసి పెట్టుకున్న పట్టిక మీద. పప్పు, నూనె, గ్యాసు ధరలు ఎంత పెరిగినా, ఆ పట్టికను మళ్లీ సవరించేదాకా మీ లెక్క మారదు. అందువల్ల మీరు సొంతంగా భరిస్తున్న వాటా పది శాతం కంటే చాలా ఎక్కువే ఉంటుంది. కమిటీ సమావేశంలో సభ్యులు మిమ్మల్ని నిలదీసినప్పుడు ఈ తేడాను కాగితం మీద పెట్టి చూపించండి.

ఇక ఆలస్యం సంగతి. ఏటా ఈ-అనుదాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, జిల్లా అధికారి వచ్చి తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి, రాష్ట్ర ప్రభుత్వం సిఫారసు చేయాలి, ఢిల్లీలోని మంత్రిత్వ శాఖ పరిశీలించి మంజూరు చేయాలి, ఆ తర్వాత ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్ఎంఎస్ ద్వారా డబ్బు ఖాతాలో పడాలి. తనిఖీ చేయవలసిన జిల్లా సంక్షేమాధికారి మీదే అంగన్‌వాడీల భారం, బాలల పరిరక్షణ, మహిళల పథకాలు, వృద్ధుల సంక్షేమం అన్నీ ఉంటాయి కనుక ఒక తనిఖీ నెలల తరబడి ఆగిపోవడం మామూలైపోయింది. అన్ని మెట్లూ దాటేసరికి ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఈలోగా పిల్లలు మూడు పూటలా తినాలి కదా. ఆ సంవత్సరాన్ని నడిపించేది ప్రభుత్వం కాదు, కిరాణా కొట్టు యజమాని మీకు ఇచ్చిన అరువు. ఈ అన్యాయాన్ని మీ లోపంగా మీరు భావించవలసిన పని లేదు.

అయినా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ప్రభుత్వ నిధుల వినియోగానికి సంబంధించిన 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి 238వ నియమం ప్రకారం, ఏటా వచ్చే గ్రాంటు విషయంలో ముందటి సంవత్సరానికి తాత్కాలిక వినియోగ ధ్రువీకరణ పత్రం (యూసీ) ఇచ్చినా కొత్త సంవత్సరపు డబ్బు విడుదల చేయవచ్చు. ఆడిట్ అయిన లెక్కలు, తుది పత్రం తప్పనిసరి అయ్యేది మంజూరైన మొత్తంలో 75 శాతానికి మించి విడుదల చేయవలసి వచ్చినప్పుడు. చాలా సంస్థలు ఆడిట్ పూర్తయ్యేదాకా, అంటే సెప్టెంబరు దాకా, యూసీ పంపకుండా కూర్చుంటాయి. మీరు ఏప్రిల్‌లోనే 12-ఎ నమూనాలో తాత్కాలిక పత్రం అప్‌లోడ్ చేసి, దాని నకలు జిల్లా కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. తనిఖీ కోసం రాతపూర్వకంగా తేదీ అడగండి. అప్పటికీ కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. ఫైలు ఏ మెట్టు దగ్గర ఎన్నాళ్లుగా ఉందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వడం అధికారుల బాధ్యత. గ్రాంటు తీసుకుంటున్న సంస్థ ప్రశ్నిస్తే కోపగించుకుంటారేమోనని మీరు లేఖలో సంశయించారు. ఆ సంశయం వల్లే ఈ ఆలస్యం ఇంతకాలంగా ఎవరికీ సమస్యగా కనిపించలేదని నా నమ్మకం.

ప్రశ్న: నేను ఒక మానసిక దివ్యాంగుల ఆశ్రమంలో ఆయమ్మగా పనిచేస్తున్నాను. పగలు ఇద్దరం, రాత్రి నేనొక్కదాన్నే. నాకు ఇచ్చేది గౌరవ వేతనం అంటారు, అది కూడా మూడు నాలుగు నెలలకోసారి. పెద్దసార్‌ను అడిగితే గ్రాంటు రాలేదమ్మా అంటారు. ఆయన మంచివారే, అబద్ధం చెప్పరు. మరి మా కష్టానికి లెక్క ఎవరు కడతారు?
– ఒక పాఠకురాలు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ అసలు ప్రశ్న వేసింది మీరే.

వసతి గృహానికి, పగటి పూట నడిచే కేంద్రానికి ఉన్న తేడా రాత్రి. సాయంత్రం పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయే చోట ఖర్చు ప్రధానంగా గదులకు, ఉపాధ్యాయులకు, భోజనానికి అవుతుంది. వసతి ఉన్న చోట వారంలో 168 గంటలూ ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తారనుకుంటే, ఒక్క చోటును ఖాళీ లేకుండా నింపడానికి ముగ్గురున్నర మంది కావాలి. పండుగ సెలవులు, జ్వరాలు, ఇంట్లో చావులు, పెళ్లిళ్లు కలుపుకుంటే నలుగురు. ఎప్పుడూ ఇద్దరు ఉండాలంటే ఎనిమిది మంది. ఇది చిన్నపిల్లలు కూడా వేయగల లెక్క. అయినా మన పథకాల పట్టికల్లో సిబ్బంది సంఖ్యను ఇలా గంటల మీద నుంచి కట్టుకుంటూ రారు. ఇంతమంది పిల్లలకు ఇందరు ప్రత్యేక ఉపాధ్యాయులు, ఇందరు సహాయకులు, ఒక వంటమనిషి అని తలల లెక్కన రాస్తారు. అలా రాసినప్పుడు రాత్రి డ్యూటీ ఎవరికీ చెందకుండా మిగిలిపోయి, చివరికి మీవంటి ఒక్కరి మీద పడుతుంది.

మీరు లేఖతో పాటు పంపిన రాత్రి రిజిస్టరు పుట ఫొటోను చాలాసేపు చూశాను. తొమ్మిదింటికి ఎవరెవరికి ఫిట్స్ మాత్ర ఇచ్చారో ఎదురుగా సంతకాలు ఉన్నాయి. పదకొండుకు ఒకరి పక్కబట్టలు మార్చారు. ఒంటిగంటకు ఒకరికి ఫిట్స్ వచ్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తగ్గేదాకా సమయం చూశారు. ఆ సమయాన్ని నిమిషాల్లో రాశారు, ఎందుకంటే ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలని మీకు ఎవరో నేర్పారు, మీరు మరచిపోలేదు. మూడింటికి మళ్లీ పక్కబట్టలు. మీరు ఆ పిల్లవాడి దగ్గర కూర్చున్నంతసేపూ మిగిలినవారిని చూసే మనిషి లేరు. ఒకవేళ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే ఆ ఇంట్లో ఇంకెవరు మిగులుతారు? తనిఖీకి వచ్చే అధికారులు పగలు వస్తారు. వంటగది శుభ్రత, హాజరు పట్టీ, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లు, స్టాకు రిజిస్టరు చూస్తారు. అవి చూడవలసినవే. కానీ రాత్రి ఎంతమంది ఉంటున్నారన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాబడితే, ఆ ఆశ్రమం ఎలా నడుస్తోందో ఎక్కువ తెలుస్తుంది.

గౌరవ వేతనం అన్న మాట మీ చేత తక్కువ డబ్బుకు ఎక్కువ పని చేయించడానికి సాకు కాకూడదు. మీరు చేస్తున్నది సేవ కావచ్చు, దయ కూడా కావచ్చు, కానీ ముందుగా అది ఉద్యోగం. మీ రావడం, పోవడం, పని గంటలు నమోదయ్యే రిజిస్టరు ఉండాలని, జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయాలని సంస్థను అడగండి. మీకు రావలసిన నెలల జీతం ఎంతో కాగితం మీద రాయించుకుని కార్యదర్శి సంతకం తీసుకోండి. కనీస వేతనం కంటే తక్కువ ఇస్తున్నట్టయితే కార్మిక శాఖ సహాయ అధికారికి ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. మీ పెద్దసార్ మంచివారన్నారు కనుక ముందుగా ఆయనతోనే మాట్లాడి, రాత్రికి రెండో మనిషి ఎంత అవసరమో మీ రిజిస్టరునే ఆధారంగా చూపిస్తూ జిల్లా అధికారికి ఇద్దరూ కలిసి రాయడం మంచిదని నా సలహా. ప్రభుత్వం ఆశ్రమానికి డబ్బు ఇవ్వడమంటే నిజానికి మీ చేతులకు డబ్బు ఇవ్వడం. ఆ సంగతి గ్రాంటు పట్టిక తయారుచేసేవారికి ఇంకా అర్థం కావలసి ఉంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. వర్ధన్నపేట దగ్గర మా తాతల నాటి ఇల్లు ఉంది. నలుగురు మిత్రులం కలిసి పది పన్నెండు మంది వృద్ధులకు ఆశ్రయం కల్పించాలనుకుంటున్నాం. ప్రభుత్వం నుంచి సహాయం ఎంతవరకు ఆశించవచ్చు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, మొదటి రెండేళ్లు ఏమీ ఆశించకండి. ముందుగా తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద గాని, ట్రస్టుగా గాని నమోదు చేసుకోవాలి. పాన్ కార్డు, సంస్థ పేరిట బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదు, ఇవన్నీ మొదటి సంవత్సరంలోనే చేయించుకోండి. కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగంగా వృద్ధాశ్రమాలకు గ్రాంటు ఇస్తుంది గానీ, సంస్థ కొంతకాలం పనిచేసి చూపించిన తర్వాతే దరఖాస్తును పరిశీలిస్తుంది. పైగా ఆ పథకంలో ఆశ్రమం అంటే మామూలుగా 25 మంది నిరుపేద వృద్ధులకు వసతి. మీరు అనుకుంటున్న పది పన్నెండు మందికి ఆ పట్టికలో చోటు లేదు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. మీరు అనుకుంటున్న సంఖ్యే సరైనది. పది మంది ఉన్న ఇంట్లో ఎవరికి చక్కెర వ్యాధి ఉందో, ఎవరు కారం తినరో, ఎవరి కొడుకు ఫోను చేసి ఎన్నాళ్లయిందో అందరికీ తెలుస్తుంది. ఊళ్లో ఉన్న పెద్దాయన తన మండలంలోనే, తనకు తెలిసిన గుడి, తనకు తెలిసిన చెరువుకట్ట దగ్గరే ఉండగలుగుతాడు. ప్రభుత్వ సహాయం పెద్ద సంఖ్యలకే దొరికేటట్టు రాస్తే, చిన్న ఇళ్లు ఏదో ఒక రోజు మూతపడతాయి, లేదా గ్రాంటు కోసం మంచాలు దగ్గర దగ్గరగా జరిపి 25 మందిని పడుకోబెడతాయి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ కూడా జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి అంటూ పెద్ద కట్టడాన్నే ఊహించింది. అది కూడా రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పవచ్చు అన్నదే తప్ప నిర్బంధించలేదు.

కాబట్టి మీకు నమ్మకమైన ఆధారాలు వేరే ఉన్నాయి. మీ దగ్గర చేరే ప్రతి వృద్ధుడికీ ఆసరా పెన్షన్ (ఇప్పుడు చేయూత అంటున్నారు) వస్తోందో లేదో చూసి, రాకపోతే దరఖాస్తు చేయించండి. 2019లో 2,016 రూపాయలకు పెంచిన ఆ పెన్షన్ ఆ మనిషిది, ఆశ్రమానిది కాదు. ఆయన ఇష్టపడి ఖర్చుకు కొంత ఇస్తే రసీదు ఇచ్చి తీసుకోండి, ఏటీఎం కార్డు మాత్రం ఆయన దగ్గరే ఉండనివ్వండి. పిల్లలు ఉండి కూడా చూడని వారి విషయంలో ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వెళితే నెలకు 10,000 రూపాయల వరకు పోషణ భత్యం ఇప్పించే అధికారం పైన చెప్పిన 2007 నాటి చట్టంలోనే ఉంది. ఇక కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో వృద్ధాశ్రమాల స్థాపన స్పష్టంగా ఉంది, మన ఉత్తర తెలంగాణలో సింగరేణి, రామగుండం ఎన్‌టీపీసీ వంటి పెద్ద సంస్థలు ఉన్నాయి. 2021 ఏప్రిల్ నుంచి ఆ నిధులు పొందే సంస్థలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 పత్రంతో నమోదు కావాలి. ఆ డబ్బుతో స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, జారని నేల, చక్రాల కుర్చీ వెళ్లే వాలుదారి వంటివి చేయించుకోండి. గది కట్టించి పేరు రాయించుకునే దాతలు మీకు దొరుకుతారు. నెలనెలా జీతం ఇచ్చే దాతలు దొరకడం కష్టం. ఆ ఖర్చుకు కనీసం ఒక సంవత్సరానికి సరిపడా డబ్బు బ్యాంకులో వేసుకున్న తర్వాతే మొదటి మనిషిని చేర్చుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో తల్లీతండ్రీ పోయిన ఇద్దరు పిల్లలను అమ్మమ్మ పెంచుతోంది. ఆమెకు కూలి పని తప్ప ఆధారం లేదు. పిల్లలను ఏదైనా అనాథాశ్రమంలో చేర్పించమని అందరూ అంటున్నారు.
– ఒక అంగన్‌వాడీ టీచర్, ఏటూరునాగారం, ములుగు జిల్లా

జవాబు: చేర్పించే ముందు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద ఇటువంటి పిల్లలకు కుటుంబంలోనే ఉంటూ చదువుకోవడానికి స్పాన్సర్‌షిప్ సహాయంగా ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు మించకూడదన్న నిబంధన ఈ అమ్మమ్మకు అడ్డం కాదనే అనుకుంటున్నాను. తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రాలు, పిల్లల ఆధార్, బడి బోనఫైడ్ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా సిద్ధం చేసి ఇవ్వండి. మీ సంతకంతో ఒక సిఫారసు లేఖ జతచేస్తే మేలు. 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా పిల్లలను సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగానే చూసింది. ఒకవేళ అమ్మమ్మ ఆరోగ్యం క్షీణించి తప్పనిసరైతే, పిల్లలను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఆ చట్టం 41వ సెక్షన్ కింద నమోదైన సంస్థకు మాత్రమే, సమితి ఉత్తర్వు మీద మాత్రమే పంపాలి. ఎవరో తెలిసినాయన జీపులో వచ్చి తీసుకెళతానంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: ఈ పనులన్నీ ప్రభుత్వమే స్వయంగా చేయవచ్చు కదా? ప్రజల డబ్బును ప్రైవేటు సంఘాలకు ఎందుకు ఇవ్వాలి?
– ఒక అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: లాభం పంచుకోని సంఘానికి ఇచ్చే డబ్బుకు, వ్యాపారికి ఇచ్చే డబ్బుకు తేడా ఉంది. సొసైటీలో మిగులు ఏర్పడితే సభ్యులు పంచుకోలేరు. గ్రాంటుతో కొన్న ఆస్తిని అనుమతి లేకుండా అమ్ముకోలేరు. అయినా మీ ప్రశ్నలో న్యాయం ఉంది. వృద్ధాప్యంలో, జబ్బులో, వైకల్యంలో ప్రజలకు సహాయం అందించాలని రాజ్యాంగం 41వ అధికరణ చెప్పింది ప్రభుత్వానికే. కానీ ఆ మాటతో పాటు తన ఆర్థిక స్తోమత మేరకు అన్న షరతు కూడా పెట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో నమోదైన సంస్థలకు ఆర్థిక సహాయం గురించి చెప్పే 55వ సెక్షన్‌లో కూడా అదే షరతు కనిపిస్తుంది. అదే చట్టం 50వ సెక్షన్ మాత్రం నమోదు చేసుకోకుండా దివ్యాంగుల సంస్థ నడపరాదని ఖండితంగా శాసిస్తుంది. సంస్థకు విధి కచ్చితం, ప్రభుత్వానికి సహాయం ఐచ్ఛికం. ఈ పొంతన లేకపోవడమే నాకు బాధ కలిగిస్తుంది.

ప్రభుత్వం స్వయంగా నడిపితే అదే పనికి పే స్కేలు, కరువు భత్యం, పెన్షన్ ఇవ్వవలసి వస్తుంది. స్వచ్ఛంద సంస్థ చేత చేయిస్తే గౌరవ వేతనంతో సరిపోతోంది. ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, మహబూబాబాద్ పాఠకురాలి ఉత్తరం చదివితే ఆ తగ్గిన ఖర్చు ఎవరి ఒంటి మీద పడిందో తెలుస్తుంది. ఎవరు నడపాలన్న దాని కంటే నిజమైన ఖర్చు ఎవరు భరించాలన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. వసతి గృహం నడపడంలో స్వచ్ఛంద సంస్థలకు అనుభవం ఉంది, ఊరితో సంబంధం ఉంది, అవసరాన్ని బట్టి మార్చుకునే వెసులుబాటు ఉంది. అవి నడపనివ్వండి, కానీ పూర్తి ఖర్చు, సమయానికి, సర్కారు ఇవ్వాలి. ఇచ్చిన తర్వాత ప్రతి రూపాయికీ లెక్క అడగాలి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 19వ అధికరణ, దాన్ని అనుసరించి మన 2016 చట్టం 5వ సెక్షన్, దివ్యాంగులకు సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కు ఉందని, ఫలానా చోటే ఉండాలని వారిని నిర్బంధించకూడదని చెబుతున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ కూడా, ఇంటికి తీసుకెళ్లే దిక్కు లేదన్న ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదంటుంది. ఇవి అమలు కావాలంటే ఊళ్లలో చిన్న చిన్న ఇళ్లు, నలుగురైదుగురు కలిసి ఉండే వసతులు, వాటిలో సహాయకులు కావాలి. అవి లేనప్పుడు ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. గ్రాంటు విధానాన్ని మంచాల లెక్క నుంచి మనుషుల అవసరాల లెక్కకు మార్చమని మీవంటి అధ్యాపకులు రాయాలి, మాట్లాడాలి.

ప్రశ్న: నా కొడుక్కి ఇరవై నాలుగేళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం, మాట సరిగా రాదు. నాకు, మావారికి వయసు పైబడుతోంది. మా తర్వాత వాడిని ఎవరు చూస్తారన్న దిగులుతో రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఒక ఆశ్రమంవారు పెద్ద మొత్తం డిపాజిట్ కడితే జీవితాంతం చూసుకుంటామంటున్నారు. కట్టమంటారా?
– ఒక తల్లి, నర్సంపేట, వరంగల్ జిల్లా

జవాబు: అమ్మా, ఇప్పుడే కట్టకండి. డిపాజిట్ అడిగిన ప్రతి సంస్థా మోసగించేది అని నేను అనడం లేదు. గ్రాంటు సరిపోక, సమయానికి రాక, కుటుంబాల డబ్బు మీద ఆధారపడవలసి వస్తున్న సంస్థలు నిజాయతీపరుల్లోనూ ఉన్నాయి. కానీ జీవితాంతం అన్న హామీ సంస్థ జీవితం మీద ఆధారపడి ఉంటుంది. ముందుగా మీ అబ్బాయికి చట్టపరమైన రక్షణ ఏర్పరచుకోండి.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసమే వచ్చింది. పద్దెనిమిదేళ్లు దాటిన మీ అబ్బాయికి చట్టబద్ధ సంరక్షకుడిని నియమించే అధికారం జిల్లాలో కలెక్టర్ నాయకత్వాన ఉండే స్థానిక స్థాయి కమిటీది. ఇప్పుడు మీ దంపతులు సంరక్షకులుగా నియామక పత్రం తీసుకోండి. మీ తర్వాత ఎవరన్నది బంధువుల్లో మీకు నమ్మకమున్నవారితో మాట్లాడి, వీలునామాలో రాయండి. సంరక్షకుడు నియమితుడైన ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తుల జాబితా ఇవ్వాలని, ఆ తర్వాత ఏటా లెక్కలు సమర్పించాలని చట్టం చెబుతుంది. కాబట్టి ఎవరూ గుట్టుగా ఆస్తి కాజేయడానికి వీలు తగ్గుతుంది. నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు రక్షణ ఉంది, మందులు, థెరపీ కూడా కొంతవరకు అందులో వస్తాయి. 2023లో 4,016 రూపాయలకు పెంచిన దివ్యాంగుల పెన్షన్ మీ అబ్బాయికి రాకపోతే సదరం సర్టిఫికెట్‌తో దరఖాస్తు చేయండి. ఘరౌందా అనే పథకం కింద పెద్దవాళ్లైన దివ్యాంగులకు జీవితాంత వసతి గృహాలు నడిపే సంస్థలకు నేషనల్ ట్రస్ట్ సహాయం చేస్తుంది, అటువంటి గృహం అందుబాటులో ఎక్కడుందో కమిటీవారినే అడగండి. కొద్ది రోజులపాటు ఉంచి చూసుకునే సమర్థ్ కేంద్రాలు కూడా ఆ ట్రస్టు పథకమే.

డిపాజిట్ అడిగిన ఆశ్రమానికి ఒకసారి చెప్పకుండా సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లండి. రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారో చూడండి. దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకు ఉందా, గడువు దాటిందా చూడండి. గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి. మీ అబ్బాయి అక్కడ ఇమడలేకపోతే, లేదా సంస్థ మూతపడితే డిపాజిట్‌లో ఎంత తిరిగి ఇస్తారో స్టాంపు కాగితం మీద రాయమనండి. ఈ ప్రశ్నలకు విసుగు చూపించే చోట మీ బిడ్డను వదలకండి. అన్నీ సరిగా ఉన్నా, మొదట వారానికి రెండు రోజులు, ఆ తర్వాత పది రోజులు అలా ఉంచి చూడండి. మీరు ఉండగానే అతను ఆ చోటుకు అలవాటు పడటం, అక్కడివారు అతని సైగలను నేర్చుకోవడం, మీ తర్వాత ఒక్కసారిగా తీసుకెళ్లి దింపడం కంటే వేయి రెట్లు నయం. ఏ సైగకు ఏ అర్థమో, ఏ కూర తినడో, ఏ శబ్దానికి భయపడతాడో ఒక నోటుపుస్తకంలో రాయడం ఈ వారమే మొదలుపెట్టండి.

ప్రశ్న: మా వీధిలోని వృద్ధాశ్రమానికి ప్రభుత్వ గ్రాంటు వస్తుందట, మేమూ ఏటా చందా ఇస్తాం. రెండు చోట్ల డబ్బు తీసుకోవడం తప్పు కాదా? లెక్కలు అడిగే హక్కు మాకుందా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: రెండు చోట్ల తీసుకోవడం తప్పు కాదు, పైన చెప్పిన కారణాల వల్ల తీసుకోక తప్పదు కూడా. ఒకే ఖర్చును ఇద్దరికీ చూపించి ఇద్దరి దగ్గరా డబ్బు పొందడం మాత్రం నేరం. గ్రాంటుకు, చందాలకు వేర్వేరు పద్దులు ఉండాలి. చందాకు రసీదు అడగండి, సంస్థకు ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉంటే పన్ను మినహాయింపు కోసం విరాళ ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. ఇక హక్కు విషయానికి వస్తే, ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే స్వచ్ఛంద సంస్థలు కూడా సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సంస్థ తనకు వర్తించదని అంటే, గ్రాంటు కోసం అది సమర్పించిన లెక్కల నకళ్లను జిల్లా సంక్షేమాధికారి కార్యాలయం నుంచి కోరవచ్చు. ముందుగా మాత్రం కార్యదర్శిని కలిసి మామూలుగా అడిగి చూడండి, సక్రమంగా నడిచే చోట లెక్కల పుస్తకం చూపించడానికి వెనుకాడరు.